మూడో అర్థానికి ఉదాహరణ

నా ఉద్యోగం ఏమిటని చెన్నూరులో ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. చెప్తే అర్థం కాదు, చెప్పకపోతే పొగరంటారు. ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని, దానికి ఎన్ని అర్థాలున్నాయో వరసగా రాసి, ఒక్కో అర్థానికి స్పానిష్‌లో ఏమంటారో చెప్పి, కింద ఉదాహరణగా ఒక చిన్న వాక్యం రాయాలి. స్పానిష్ మాట్లాడేవాళ్లు ఇంగ్లీషు నేర్చుకుంటూ కంప్యూటర్‌లో ఆ మాట వెతికి చదువుకుంటారు. అంతే, ఇదే నా కొలువు. హైదరాబాదులో స్పానిష్ చదివి, అక్కడే కొన్నేళ్లు పనిచేసి, మా అమ్మకు, అంటే మా అవ్వకు, పక్షవాతం వచ్చాక లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మా పక్కింటి శంకరవ్వ మాత్రం "మొగిలి బిడ్డ ఇంట్ల కూసోనే టైపు కొడ్తది, జీతమొస్తది" అని వాడంతా చెప్పి పెట్టింది. సరే, అదే కానీ అని ఊరుకున్నాను.

ఇంట్లో మేం ముగ్గురమే. బాపు మొగిలి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, పుట్టిన ఊరని చెన్నూరులో రెండు గదులు వేసుకున్నాడు. బాయిని వదిలాడు కానీ బాయి దుమ్ము ఆయన్ని వదల్లేదు. పది అడుగులు వేస్తే ఎగశ్వాస. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన ఆక్సిజన్ మిషను, ముక్కుకు గొట్టం. అవ్వ సారక్కది ఇంకో కథ. కుడి చెయ్యి పడిపోయింది, దాంతోపాటు మాట పడిపోయింది. చెయ్యి కొంచెం తిరిగొచ్చింది. మాట రాలేదు.

ఎంత మాటకారి మా అవ్వ! నల్లా దగ్గర బిందె వరస తప్పితే ఆవిడ నోటికి దడిసి కాలనీ కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. అంత నోరున్న మనిషి బాపును ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇగో" అనేది. వంటింట్లోంచి ఒక "ఇగో" వినపడితే బాపు ఎక్కడున్నా "ఆఁ, జెప్పు" అనేవాడు. ఆ రెండు ముక్కలతోనే వాళ్ల కాపురమంతా నడిచింది. కోపానికి ఒక ఇగో, ఆకలేస్తే ఒక ఇగో, బాయికి పోయేముందు టిఫినుడబ్బా చేతికిస్తూ మెల్లగా ఇంకో ఇగో.

నా చిన్నప్పుడు ఒకసారి బాయిలో పైకప్పు కూలిందని కాలనీ అంతా గోల లేచింది. ఆడవాళ్లంతా గేటు దగ్గరికి ఉరికారు, నేను అవ్వ కొంగు పట్టుకుని ఉరికాను. గేటు దగ్గర నిలబడ్డ ఆయన "నీ పెనిమిటి పేరేందమ్మా?" అని అడిగాడు. అవ్వ ఏడుస్తూనే ఉంది, పేరు మాత్రం చెప్పలేదు. "నాలుగు వందల పదకొండు" అంది. అది బాపు టోకెన్ నంబరు. బాయి దిగేవాళ్లకు ఇచ్చే ఇత్తడి బిళ్ల మీద ఉండేది. వెనకాల నిలబడ్డ ఆడవాళ్లు కూడా అంతే, ఎవరి నంబరు వాళ్లు అరుస్తున్నారు. ఒక్కరి నోట్లోంచి మొగుడి పేరు రాలేదు.

బాపు ఆ సాయంత్రం మోచేతికి గీరుకున్న దెబ్బతో నవ్వుకుంటూ వచ్చాడు. తర్వాత చాన్నాళ్లు అవ్వను ఆటపట్టించాడు. "ఏమే, నాలుగు వందల పదకొండుకు జర చాయ్ పోస్తవా?" అనేవాడు. "అంత ఏడ్సినవు గని పేరెందుకు చెప్పలేదవ్వా, ఇప్పుడు చెప్పు, ఒక్కసారి చెప్పు" అని నేను మంకుపట్టు పట్టాను. అవ్వ వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ బాపు ఆయుష్షు తగ్గుతదే పోరీ! బాయి దిగేటోని పేరు తియ్యమంటవా?" అంది. పెద్దయ్యాక ఆ సంగతి తలుచుకుని నవ్వుకునేదాన్ని.

కరీంనగర్ ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ పేరు మమతారాణి. ఓపికగల మనిషి. అవ్వ బుగ్గలు రెండు వేళ్లతో నొక్కి, "పెదాలు కలిపితే వచ్చే అక్షరాలు తొందరగ వస్తయ్ భూమికా. మ, బ, ప. ఆ అక్షరాలతోని ఇంట్ల రోజూ వాడే మాటలు, ఇంట్లోళ్ల పేర్లు నేర్పు. రోజూ పొద్దుగాల కూసోబెట్టు" అని చెప్పింది. నాకు ఉత్సాహం వచ్చింది. మాటలు నేర్పడం నా పనే కదా! అట్ట ముక్కలు కోసి, మీద బొమ్మలు అంటించి, కింద మాట రాశాను. బువ్వ. పాలు. బిందె. మంచం. నా ఫొటో ఒకటి, బాపు ఫొటో ఒకటి. ఇంట్లో అందరికంటే బాపు పేరే సులువు. పెదాలు కలిపితే మొదలవుతుంది.

"నా అట్ట వద్దు తియ్" అన్నాడు బాపు.

"ఎందుకొద్దు?"

"అది పలుకది, నీకెర్కనే గద."

"మూగదైపోయిన మనిషికి ఇంకా గవన్ని ఎందుకు బాపూ? నోట్లెకెల్లి మాట రావాలె. గంతే."

బాపు దగ్గుతో ఊగిపోయి, గొట్టం సరిచేసుకుని అన్నాడు. "పేరు నాకెందుకే బిడ్డా. మందంత పిలుస్తరు నన్ను ఆ పేరు వెట్టి. దానితోని 'ఇగో' అనిపియ్యి. నేను పోయేలోపట ఒక్కసారి ఇగో అన్నదనుకో, సాలు నాకు."

"ఇగో అంటే ఏం బొమ్మ గీయాలె? దానికి అర్థమేంది?" అన్నాను. నిజంగానే అడిగాను, వెక్కిరింత కాదు. బాపు ఆలోచించాడు. "అర్థమేముంటదే దానికి? పిలుసుడు గంతే" అన్నాడు. నేను ఆ అట్ట చెయ్యలేదు. అర్థం రాయలేని మాటను ఎలా నేర్పాలో నాకు తెలియలేదు.

"గొట్టం పెట్టుకొని ఊకె పోతా పోతా అనకు. యాడికి పోతవ్?" అని కసిరాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు కూడా సగంలోనే దగ్గయింది. డాక్టరు నాకు విడిగా చెప్పిన సంగతి ఆయనకు చెప్పలేదు కానీ, ఆయనకు తెలుసు. బాయిలో పనిచేసినవాళ్లకు ఎవరి ఊపిరి ఎంతవరకు వస్తుందో వింటేనే తెలిసిపోతుంది. అందుకే నాకు తొందర. అవ్వకు మాట వచ్చేదాకా బాపు ఉండాలి. ఉంటాడో లేదో.

మొదట "బువ్వ" వచ్చింది. బువ్వ అని పూర్తిగా కాదు, "బూ" అంది. బాపు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత "పా" వచ్చింది. తర్వాత నా ఫొటో చూపిస్తే "భూమి" అంది. నేను అవ్వను వాటేసుకుని ఏడ్చాను. శంకరవ్వ గోడ మీంచి తొంగి చూసి, "ఏమాయెనే?" అని గాబరా పడింది. మాట వచ్చిందని చెప్తే ఆవిడా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

బాపు ఫొటో చూపిస్తే మాత్రం అవ్వ నోరు బిగబట్టేది. మొహం పక్కకు తిప్పుకునేది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వారాలు గడిచాయి. అన్ని అట్టలూ ఒక దారి, ఆ ఒక్క అట్టా ఒక దారి.

ఆ రోజుల్లోనే పిలార్ నాకు 'కాల్' అనే ఇంగ్లీషు మాట ఇచ్చింది. పిలార్ మాడ్రిడ్‌లో ఉంటుంది, మేం రాసిన అర్థాలన్నీ దిద్దేది ఆవిడే. మంచిదే కానీ నియమాలు పెట్టి చంపుతుంది. ఉదాహరణ వాక్యంలో చావు ఉండకూడదు, రోగం ఉండకూడదు, దేవుడు ఉండకూడదు, నేర్చుకునేవాళ్ల మనసు నొచ్చుకోకూడదు. ఇవన్నీ తీసేస్తే మనుషుల గురించి రాయడానికి ఏం మిగులుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాదు. పార్కులో కుక్కను తిప్పడం మిగులుతుంది.

'కాల్'కు చాలా అర్థాలున్నాయి. ఒకటి, గట్టిగా కేకేసి రమ్మనడం. రెండు, ఫోన్ చెయ్యడం. మూడు, ఒకరిని ఫలానా పేరుతో పిలవడం. ఈ మూడింటికీ స్పానిష్‌లో మాట ఒకటే, 'యమార్'. నాలుగోది, దారిలో ఒకరింటికి వెళ్లి పలకరించి రావడం, దానికి మాత్రం 'పసార్' అని వేరే మాట వాడతారు. ఇంకా చిల్లర అర్థాలు బోలెడు. నేను పని చేసుకుంటూ పైకి చదివితే బాపు వాకిట్లోంచి వింటూ ఉండేవాడు.

"ఏమంటరే పిలుసుడును వాళ్లు?"

"యమార్."

"వారీ! యముడెప్పుడొచ్చి జొచ్చిండే నీ లాప్‌టాప్‌ల?"

"బాపూ, నోర్మూసుకుంటవా!"

అవ్వ కూడా నవ్వింది. మాట పోయింది కానీ బాపు ఎకసెక్కాలు ఆవిడకు అర్థమయ్యేవి. ఎడమ చేత్తో ఆయన మోకాలి మీద ఒక దెబ్బ వేసింది, అట్లాంటి మాటలు అనొద్దని.

మొదటి అర్థానికి వాక్యం రాశాను: అమ్మ పిల్లలను భోజనానికి పిలిచింది. రెండోదానికి: నేను రేపు నీకు ఫోన్ చేస్తాను. మూడోదానికి ఏం రాసినా నచ్చలేదు. ఒకసారి, ఇగోను స్పానిష్‌లో పెట్టలేక, "మా అమ్మ మా నాన్నను భూమిక నాన్న అని పిలుస్తుంది" అని రాసి పంపాను. పిలార్ పక్కన ఒక ప్రశ్న పెట్టింది: "ఆవిడకు ఆయన పేరు తెలియదా?" నాకు ఒళ్లు మండింది. తెలియకపోవడమేమిటి తల్లీ! ఎలా చెప్పను నీకు? వాక్యం తీసేసి, తర్వాత రాస్తానని పక్కన పెట్టాను.

ఒక మధ్యాహ్నం బాపు లోపల పడుకున్నాడు. నేను వంటింట్లోంచి చాయ్ తీసుకుని వస్తే అవ్వ వాకిట్లో మంచం మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో బాపు ఫొటో అట్ట. ఎడమ చేతి బొటనవేలితో ఆ ఫొటోను తుడుస్తోంది. పెదాలు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. చప్పుడు లేదు కానీ ఆ పెదాలు ఏం అనబోతున్నాయో నాకు స్పష్టంగా కనిపించింది. గుమ్మంలోనే నిలబడ్డాను. లోపల బాపు దగ్గాడు. అవ్వ ఉలిక్కిపడి అట్టను చీర కుచ్చిళ్ల కింద దాచేసింది.

నాకు సంతోషమూ వచ్చింది, కోపమూ వచ్చింది. మర్నాడు పొద్దున బాపు ఎదురుగా అవ్వను కూర్చోబెట్టాను. ఈ రోజు వదిలేది లేదనుకున్నాను.

"అను అవ్వా. నీకొస్తది. నేను చూసిన. మొ."

అవ్వ తల అడ్డంగా ఊపింది.

"మొ. గి. లి. గింతే. బాపు ముంగటనే ఉన్నడు. ఒక్కసారి అను."

అవ్వ పెదాలు పళ్ల కింద పెట్టి కొరుకుతోంది. కళ్ల నుంచి నీళ్లు జారుతున్నాయి. నేను ఆగలేదు. ఫొటో మొహం ముందు పెట్టి మళ్లీ అన్నాను, మళ్లీ అన్నాను. అవ్వ అట్టను నా చేతిలోంచి లాగి అవతల పారేసింది. బాపు వైపు చూసి, ఆయన ముక్కు గొట్టాన్ని చూపించి, చేతిని గాల్లో ఆడించి ఏదో చెప్పబోయింది. "బూ, బూ" అని మాత్రం వచ్చింది. ఆకలేస్తోందా అని అడిగాను. అవ్వ నుదురు కొట్టుకుంది.

"ఇడిసిపెట్టే" అన్నాడు బాపు. "పాపం, పరేషాన్ చెయ్యకు దాన్ని." కుర్చీలోంచి ముందుకు వంగి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేమనకు. నాకేం ఫికర్ లేదు. నువ్వు ఇగో అనకున్నా నేను ఆఁ అంట, సరేనా?" అన్నాడు. అవ్వ ఆయన చేతిని నుదుటికి ఆనించుకుంది. నేను అట్టలన్నీ డబ్బాలో పడేసి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, చలికాలం పొద్దున. ఎండ వాకిట్లోకి వచ్చింది. బాపును కుర్చీలో, అవ్వను పక్కన మంచం మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ చాయ్ ఇచ్చాను. బాపు రెండు గుక్కలు తాగి, చలి తగ్గిందన్నాడు. నేను లోపలికొచ్చి 'కాల్' తెరిచాను. పిలార్ అప్పటికే రెండుసార్లు గుర్తు చేసింది. మూడో అర్థం దగ్గర ఖాళీ అలాగే ఉంది.

అప్పుడు వినపడింది.

"మొగిలి."

నెలల తర్వాత వింటున్నాను ఆ గొంతు. నత్తి లేదు, తడబాటు లేదు. నల్లా దగ్గర బిందెల కోసం లేచిన గొంతే. "మొగిలి!" అని మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా.

నేను కుర్చీ తన్నేసుకుని బయటికి ఉరికాను. చప్పట్లు కొట్టాను. అవును, చప్పట్లు కొట్టాను. "అవ్వా! అన్నవా! మల్ల అను! బాపూ, ఇన్నవా? బాపూ, పేరు పిలిచింది అవ్వ, ఇన్నవా?" అని ఆయన భుజం పట్టి ఊపాను. బాపు తల పక్కకు వాలిపోయింది. చాయ్ గ్లాసు ఆయన కాళ్ల దగ్గర దొర్లి ఉంది. మిషను తన మానాన తను గుర్‌మని నడుస్తోంది.

శంకరవ్వ గోడ పక్క నుంచి తిరిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. అవ్వ మంచం దిగి బాపు కాళ్ల దగ్గర కూలబడి ఉంది. "మొగిలి, మొగిలి" అని పిలుస్తూనే ఉంది. ఏడుస్తూ కాదు, పడుకున్న మనిషిని లేపుతున్నట్టు పిలుస్తోంది.

"అవ్వ పిలిచింది శంకరవ్వా" అన్నాను. "ఇన్ని దినాలు రానిది ఇయ్యాల వచ్చింది. ఒక్క నిమిషం ముందుగాల పిలిస్తే బాపు ఇంటుండె గద!"

శంకరవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను బట్టలారేస్తా గోడ మీదికెల్లి సూసిన బిడ్డా. గ్లాసు పడ్డది. నీ అవ్వ వంగి ఆయన ముక్కు కాడ చెయ్యి వెట్టింది. ఎద మీద చెవి వెట్టి ఇన్నది. మల్ల ముక్కు కాడ వెట్టింది. ఊపిరి లేదని ఎర్కైనంక పిలిచింది" అంది. ఒకసారి అవ్వ వైపు చూసింది. "పాణమున్నంతసేపు ఎట్ల పిలుస్తదే? అసలే కొన ఊపిరితోని ఉన్న మనిషి. పేరు తీస్తే ఉన్న ఆయుష్షు తగ్గదా? దాసుకున్నది పిచ్చిది. నోట్లె మాట పెట్టుకోని ఇన్ని దినాలు మింగుకుంట కూసున్నది."

నేను వాకిట్లో చతికిలబడ్డాను. పొద్దున్నే కూర్చోబెట్టి, ఫొటో మొహం ముందు పెట్టి, అను అను అని నేను ఏం అడిగానో ఆవిడకు అర్థమైంది, నాకే కాలేదు. ముక్కు గొట్టాన్ని చూపించి చెయ్యి ఆడించింది. ఆకలేస్తోందా అని అడిగాను నేను. ఛీ! నా చదువు, నా డిక్షనరీ!

వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. అవ్వ నోటి నుంచి పేరు వింటుంటే వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకావిడ "సారక్కా, పేరు తియ్యకే" అనబోయింది. శంకరవ్వ ఆమె మీద విరుచుకుపడింది. "తియ్యనీ! ఇగ ఏం తగ్గుతదని?" అంది.

గోదావరి ఒడ్డున నేనే నిప్పు పెట్టాను. బాపుకు కొడుకు లేడు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అవ్వను తీసుకురావద్దన్నారు. నేను ఆటోలో తీసుకుపోయాను. కట్టెలు అంటుకునేదాకా ఆవిడ పిలుస్తూనే ఉంది. ఎవరూ పలకలేదు.

కర్మలు అయిపోయాక పనిలో కూర్చున్నాను. మూడో అర్థం దగ్గర ఖాళీ నాకోసమే ఎదురుచూస్తోంది. ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, కింద స్పానిష్‌లో రాశాను. "ఎయ్యా యమో ఆ సు మరీదో పొర్ సు నోంబ్రె." ఆమె తన భర్తను పేరు పెట్టి పిలిచింది. అందులో చావు లేదు, రోగం లేదు, దేవుడు లేడు. పిలార్ నియమాలు ఒక్కటీ తప్పలేదు.

రెండు రోజులకు జవాబొచ్చింది. "భూమికా, మీ నాన్నగారి గురించి విన్నాను, చాలా బాధపడ్డాను. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ మరీ సాదాగా ఉంది. భర్తను పేరు పెట్టి పిలవడంలో విశేషమేముంది, ప్రతి భార్యా పిలుస్తుంది కదా? నేర్చుకునేవాళ్లకు గుర్తుండిపోయేలా ఇంకోటి రాయగలవా?"

పిలార్‌ది తప్పు కాదు. నాకు తెలుసు. అయినా పళ్లు నూరుకుంటూ పేజీ పొడుగు జవాబు రాశాను. గేటు గురించి, ఇత్తడి బిళ్ల గురించి, అట్టల గురించి అంతా రాశాను. మళ్లీ చదువుకుంటే మనసొప్పలేదు. మొత్తం చెరిపేసి, "వాక్యం మార్చను" అని రెండే ముక్కలు పంపాను.

వాకిట్లోంచి అవ్వ పిలిచింది. ఇప్పుడు రోజూ పిలుస్తుంది. పొద్దున ఎండ వచ్చే వేళకు ఖాళీ కుర్చీ వైపు తిరిగి కూర్చుని, "మొగిలి" అంటుంది. కాసేపు ఆగుతుంది, జవాబు కోసం చూస్తుంది. మిగతా మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి, బిందె వచ్చింది, మంచం వచ్చింది. మమతారాణి మేడమ్ ఫోన్‌లో విని సంతోషపడింది.

నేను లాప్‌టాప్ మూసి బయటికి వెళ్లాను. బాపు కుర్చీలో కూర్చున్నాను. అవ్వ నా మొహంలోకి చూసి, ఎడమ చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టింది. పెదాలు కదిలాయి. ఈసారి పెదాలు కలవలేదు, కొంచెం విడివడ్డాయి, నాలుక వెనక్కి పోయింది. నేను ఏ అట్ట మీదా రాయని మాట అది.

"ఇగో" అంది అవ్వ.

బాపు అవ్వకు మాట ఇచ్చిపోయాడు కదా, పలకకపోతే ఎలా?

"ఆఁ, జెప్పు" అన్నాను.